అడిగితేనే చెప్పాలి

లుండ్ ఊళ్ళో ఎవరికైనా కాఫీ పోయాలంటే మూడుసార్లు అడగాలి. మొదటిసారి "అబ్బే, వద్దులే" అంటారు. రెండోసారి "నీకెందుకమ్మా శ్రమ" అంటారు. మూడోసారికి "సరే, మిగిలి ఉంటే అర కప్పు పొయ్యి" అంటారు. నిజంగానే అర కప్పు పోశారో, ఆ సంగతి పదేళ్ళపాటు మనసులో పెట్టుకుంటారు. నార్త్ డకోటాలో ఆ మూలనున్న ఊళ్ళన్నింటిదీ ఇదే వరస. వాళ్ళ తాతలు నార్వేలో ఓడెక్కినప్పుడు ఏయే సామాన్లు వదిలేసి వచ్చారో గాని, మొహమాటాన్ని మాత్రం భద్రంగా మూటగట్టుకుని తెచ్చుకున్నారు.

అలాంటి ఊళ్ళో మందుల షాపు నడుపుతున్న ఆర్లిస్ బ్రెక్కెకి ఎక్కడో పట్నంలో కూర్చున్న కంపెనీ ఒక షరతు పెట్టింది. కొనేవాళ్ళు మందు ధర గురించి అడిగితే చెప్పవచ్చు. అడగకపోతే చెప్పకూడదు.

ఆ కంపెనీ మందులు తయారుచేయదు, అమ్మదు. ఇన్సూరెన్స్ వాళ్ళకీ మందుల షాపుకీ నడుమ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. కౌంటీ ఉద్యోగులకీ, బడి పంతుళ్ళకీ ఇచ్చే కార్డు ఆ కంపెనీదే. కార్డు గీకగానే రోగి తన వంతుగా ఎంత కట్టాలో తెర మీద చూపిస్తుంది. చిత్రమేమిటంటే, కొన్ని మాత్రలకి ఆ వంతు మాత్రల అసలు ధరకన్నా ఎక్కువ. కార్డు జేబులోనే ఉంచుకుని మామూలుగా డబ్బిచ్చి కొనుక్కుంటే బోలెడు కలిసొస్తుంది. పైన పడిన డబ్బు ఆర్లిస్‌కి మిగులుతుందా అంటే అదీ లేదు, కంపెనీ వెనక్కి లాక్కుంటుంది.

ఇదంతా ఆర్లిస్‌కి తెలుసు. కొనేవాళ్ళకి తెలియదు. తనంతట తాను చెప్పిందని తెలిస్తే ఆ కార్డు ఇక ఆమె షాపులో చెల్లదు. ఊళ్ళో సగానికి పైగా జనం దగ్గర ఉన్నది ఆ కార్డే. అది చెల్లకపోతే షాపుకి తాళం వేసుకోవలసిందే. ఆ తర్వాత లుండ్ వాళ్ళు దగ్గు మందుకి కూడా మైనాట్ పట్నం దాకా పోవాలి. జనవరిలో ఆ దారిన మంచుగాలి లేస్తే ముందు పోయే బండి కాదు కదా, తన బండి ముక్కు కూడా కనబడదు.

కౌంటీలో మంచు తోసే బండి నడిపే నార్వల్ స్కోగ్ నెలనెలా బీపీ మాత్రలకి వచ్చేవాడు. పెళ్ళి చేసుకోలేదు. పెళ్ళి చేసుకోవాలంటే ఎవర్నో ఒకర్ని అడగాలి కాబట్టి చేసుకోలేదని ఊళ్ళో అనుకునేవాళ్ళు. అతను, ఆర్లిస్ ఒకే బళ్ళో చదువుకున్నారు. అతను కార్డు తీసి కౌంటర్ మీద పెట్టినప్పుడల్లా ఆర్లిస్ ప్రాణం ఉసూరుమనేది.

"చలి ఎలా ఉంది నార్వల్?"

"ఇంతకన్నా చలి చూశాంలే."

"మాత్రల గురించి ఏమన్నా అడగాలా?"

"అబ్బే."

"ఏదన్నా అడగవచ్చు. మొహమాటం లేకుండా."

"నీకెందుకు శ్రమ. పొద్దున ఒకటి వేసుకోమన్నావు, వేసుకుంటున్నాను."

"అది కాదు. ఇంకేదన్నా... లెక్కలకి సంబంధించి. ఏదైనా అంకె తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించదా నీకు?"

నార్వల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. కిటికీ పక్క బల్ల దగ్గర ఊలు అల్లుకుంటున్న ఆర్లిస్ అత్తగారి వైపు చూసి గొంతు తగ్గించాడు. "మీ అత్తగారి వయసా? తొంభై దాటిందో ఏమో అనుకుంటున్నాను."

"ఎనభై ఎనిమిది!" అంది గుద్రున్ అల్లిక మీదనుంచి తల ఎత్తకుండా. "తొంభై అన్నవాడు ఎవడ్రా?"

నార్వల్ చెవులు ఎర్రబడ్డాయి. కార్డు, మాత్రలు జేబులో కుక్కుకుని మంచులోకి పారిపోయాడు.

"మంచివాడే కాని మొద్దు," అంది గుద్రున్. "చెప్పేయకూడదుటే వాడికి?"

"చెప్పకూడదు అత్తయ్యా. సంతకం పెట్టాను."

"నువ్వు పెట్టావు. నేనెక్కడా పెట్టలేదే. నేను చెబితే ఎవడు కాదంటాడు?"

ఆర్లిస్ మొహం వికసించింది. "నిజమే! వెళ్ళి చెప్పు అత్తయ్యా. ఇంకా బండి ఎక్కలేదు, అదుగో, అద్దం గీక్కుంటున్నాడు."

గుద్రున్ సూదులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూసింది. చూసి, మళ్ళీ సూదులు అందుకుంది. "ఛీ. ఒకరి డబ్బు సంగతి నేనెలా ఎత్తుతానే? వాళ్ళమ్మ, నేను చర్చిలో పక్కపక్కన నిలబడి పాడినవాళ్ళం."

ఇంతకు మించిన చిక్కు ఇంకొకటి ఉంది. ఆ ఊళ్ళలో మరీ తప్పనిసరై ఎవరన్నా ఏదన్నా అడిగినా దాన్ని ప్రశ్నలా అడగరు. "వాన వస్తుందో ఏమో" అంటారు. "మీ దగ్గర నిచ్చెన ఉందో ఏమో" అంటారు. అవతలివాడు అర్థం చేసుకుని నిచ్చెన తెచ్చి ఇవ్వాలి. పక్క ఊరు హాగ్‌స్టాడ్‌లో మందుల షాపాయన దగ్గరికి శరదృతువులో ఎవరో కొత్త మనిషి వచ్చి, "ఇవి కార్డు లేకుండా ఎంతవుతాయో ఏమో" అన్నాడట. ఆ షాపాయన కూడా ఆర్లిస్ లాగే ఏళ్ళ తరబడి ఆ మాట కోసం కాచుకుని ఉన్నవాడు. ఆనందం పట్టలేక గడగడా చెప్పేశాడు. ఆ వచ్చినవాడు కంపెనీ మనిషి. "ఏమో అన్నాను గాని అడగలేదే" అన్నాడు. క్రిస్మస్ లోపల ఆ షాపు మూతపడింది.

అప్పట్నుంచి ఆర్లిస్‌కి కొత్త మొహం కనిపిస్తే భయం. పాత మొహం కనిపిస్తే జాలి.

ఆ పరిస్థితిలో సెనేటర్ డ్వేన్ వెట్జెల్ షాపుకి వచ్చాడు. సెనేటర్ అంటే పెద్ద హోదా ఏమీ కాదు. మామూలుగా పొద్దుతిరుగుడు వేసుకునే రైతు, రెండేళ్ళకోసారి చలికాలంలో నాలుగు నెలలు రాష్ట్ర రాజధాని బిస్మార్క్ వెళ్ళి శాసనసభలో కూర్చుంటాడు. అలాంటి నడిమి కంపెనీలన్నీ రాష్ట్రం దగ్గర లైసెన్సు తీసుకోవాలనీ, మందులమ్మేవాళ్ళ నోరు కట్టేయకూడదనీ ఒక బిల్లు పెట్టాడు. వచ్చే వారం కమిటీ విచారణ.

"నువ్వు వచ్చి మాట్లాడాలి ఆర్లిస్. నీతో పాటు ఒక్క మనిషిని తీసుకురా. కార్డు వల్ల నష్టపోయానని తన నోటితో చెప్పే మనిషి."

"నష్టపోయినట్టు వాళ్ళకి తెలియదు కదా డ్వేన్."

"అయితే చెప్పు వాళ్ళకి."

"చెబితే షాపు పోతుంది."

"చెప్పినా షాపు పోకుండా ఉండటానికేగా ఈ చట్టం."

"మరి చట్టం రానీ, చెబుతాను."

"చెప్పేవాడు లేకపోతే చట్టం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఇద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ నిలబడిపోయారు. కాసేపటికి గుద్రున్, "తిరిగి తిరిగి మళ్ళీ మొదటికే వచ్చారుగాని, కూర్చోండి, కాళ్ళన్నా నొప్పి పుట్టవు," అంది.

చివరికి ఆర్లిస్ ఒక్కతే వెళదామని నిశ్చయించుకుంది. విచారణకి ముందు రోజు ఆకాశం బూడిద రంగుకి తిరిగింది. సాయంత్రం నార్వల్ షాపులోకి తొంగిచూసి, "రేపు నాకు బిస్మార్క్ వైపు పనుందో ఏమో," అన్నాడు. అతను బిస్మార్క్‌లో పని అన్నది పుట్టి ఎరగడు. మంచులో ఆమె ఒంటరిగా బండి నడపడం ఇష్టం లేక అన్న మాట అది. ఆర్లిస్‌కి అర్థమై, "నాకూ చోటుందో ఏమో," అంది.

దారి పొడుగునా ఆమె హాగ్‌స్టాడ్ సంగతి చెప్పింది. మూతపడిన షాపు గురించి మాట్లాడటానికి ఏ షరతూ అడ్డు లేదు. నార్వల్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా విన్నాడు. "పాపం," అన్నాడు ఒకసారి. ఇరవై మైళ్ళు పోయాక, "మంచివాడు," అన్నాడు. అంతే. ఆర్లిస్ అతని మొహం వైపు ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఆ మొహంలో ఏ ప్రశ్నా పుట్టే జాడ లేదు.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల, దాని వెనక సెనేటర్లు, ఓ మూల గుమాస్తా. అధ్యక్షురాలు బెర్నడెట్ వాల్డ్ బడిలో ప్రిన్సిపాల్‌గా పనిచేసి రిటైరైన మనిషి. గది మొత్తం తన క్లాసే అన్నట్టు చూసేది. ముందు మద్దతు వాళ్ళని పిలిచింది. వెట్జెల్ బిల్లు గురించి చెప్పాడు. తర్వాత ఆర్లిస్ లేచి, మూసుకున్న నోటితో మందులు అమ్మడం ఎలా ఉంటుందో తనకు చేతనైనట్టు చెప్పింది.

"ఒక ఉదాహరణ చెప్పండి," అన్నాడు బట్టతల సెనేటర్ ఒకాయన.

"చెప్పలేనండి."

"ఎందుకని?"

"ఆ మందు కొనుక్కునే మనిషి నన్నింకా అడగలేదండి."

గదిలో కొందరు నవ్వారు. ఆ మనిషి వెనక వరసలో, టోపీ మోకాలి మీద పెట్టుకుని, పైకప్పులోని దీపాలు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత వ్యతిరేకం చెప్పేవాళ్ళ వంతు. కంపెనీ తరఫున హాలోవే అనే ఆయన వచ్చాడు. సన్నటి మనిషి. ఆ మంచులో కూడా బూట్లు తళతళలాడుతున్నాయి. గొంతు వెన్న రాసినట్టుంది.

"మేము ఎవరి నోరూ కట్టేయలేదు," అన్నాడు. "అడగండి, చెబుతారు. ఇంతకన్నా తేలికైన పద్ధతి ఉంటుందా? కస్టమర్లని అనవసరమైన అంకెలతో విసిగించవద్దన్నాం, అంతే. ఇందాక మాట్లాడినావిడ ఒక్క పేరు కూడా చెప్పలేకపోయారు. ఎందుకంటే అలాంటి మనిషి లేడు కాబట్టి. ఏ రోగీ ఫిర్యాదు చేయలేదు. ఇక ఈ చట్టం ఎవరి కోసం?"

ఇద్దరు ముగ్గురు సెనేటర్లు తలలూపారు. వెట్జెల్ కళ్ళు మూసుకున్నాడు. ఆర్లిస్‌కి తన షాపు తలుపు మీద మూసేశామన్న అట్ట ముక్క వేలాడుతున్నట్టు కనిపించింది. ఇవాళ కాకపోయినా రేపు. ఇక్కడికి వచ్చి మాట్లాడినదాన్ని కంపెనీ ఎంతకాలం చూస్తూ ఊరుకుంటుంది?

"తటస్థంగా మాట్లాడేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అంది బెర్నడెట్, లేరనే ధైర్యంతో కాగితాలు సర్దుకుంటూ.

వెనకనుంచి కుర్చీ కిర్రుమంది. నార్వల్ లేచి మైకు దగ్గరికి వచ్చాడు.

"నేను దేనికీ కాదండి," అన్నాడు. "ఆమెను బండిలో తీసుకొచ్చాను, అంతే. ఇద్దరూ బాగానే మాట్లాడారు. ఆయన గొంతు మరీ బాగుంది."

"ధన్యవాదాలు," అన్నాడు హాలోవే.

"మరి... నాక్కూడా ఆ కార్డే ఉంది. బీపీ మాత్రలకి. ఇందాకట్నుంచి వింటుంటే..." నార్వల్ ఆర్లిస్ వైపు తిరిగి, టోపీని చేతుల్లో గుండ్రంగా తిప్పాడు. "అవి కార్డు లేకుండా ఎంతవుతాయో ఏమో అని."

ఆర్లిస్ ఒక్క ఉదుటున లేచి నిలబడింది. నోరు తెరిచింది. అంతకన్నా ముందే హాలోవే చెయ్యెత్తాడు.

"అధ్యక్షురాలు గారూ, అది ప్రశ్న కాదు. ఆయన తనలో తాను అనుకుంటున్నారు."

"మా వైపు అది ప్రశ్నే," అన్నాడు వెట్జెల్.

"మా వైపు కాదు," అన్నాడు బట్టతల సెనేటర్. ఆయనది రష్యా మీదుగా వచ్చిన జర్మన్ల ఊరు. "మావాళ్ళయితే మొహం మీదే అడుగుతారు."

"మీవాళ్ళు పెళ్ళింట్లో మాంసం ఎంతకి కొన్నారని అడిగే రకం. మీ సంగతి వేరు."

"తెలుసుకుంటే తప్పేంటయ్యా?"

"అయ్యా, అమ్మా," అంది గుమాస్తా మూలనుంచి దీనంగా, "ఆయన మాట చివర ప్రశ్నార్థకం పెట్టమంటారా, చుక్క పెట్టమంటారా? నేను రాసుకోవాలి."

గది గోలగా తయారైంది. ఒకాయన ప్రశ్నార్థకం అన్నాడు, ఒకామె మూడు చుక్కలంది. బెర్నడెట్ బల్ల మీద సుత్తితో కొట్టింది. "ఆయన మాట ప్రశ్నో కాదో ఓటింగు పెట్టే అధికారం ఈ కమిటీకి ఉందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు."

ఆర్లిస్ ఇంకా నిలబడే ఉంది. హాగ్‌స్టాడ్ ఆయనకి పట్టిన గతి కళ్ళ ముందు ఉంది. అయినా, ఆరేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట ఇప్పుడు నాలుక చివరికి వచ్చేసింది. ఏమో అన్నా, ఏమన్నా, అతను తన వైపు తిరిగి అన్నాడు. షాపు పోతే పోయింది. "నార్వల్, నీ మాత్రలు..." అని మొదలుపెట్టింది.

"ఆగు!" అన్నాడు నార్వల్.

మంచు తోసే బండి రాతికి గీసుకున్నట్టు వచ్చింది ఆ గొంతు. బతుకులో ఎవరి మాటకీ అడ్డు రాని మనిషి. అన్నాక అతనే అదిరిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి, ఆ ఎరుపు మెడ దాకా దిగింది. ఒకసారి హాలోవే బూట్ల వైపు చూశాడు, ఒకసారి ఆర్లిస్ వైపు చూశాడు. పళ్ళు పీకించుకునేవాడిలా మైకు కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఆర్లిస్," అన్నాడు, "నా మాత్రలు కార్డు లేకుండా ఎంత?"

గుమాస్తా గట్టిగా ఒత్తి ప్రశ్నార్థకం పెట్టిన చప్పుడు గది అంతా వినిపించింది.

"నువ్వు కడుతున్నదాంట్లో సగం కూడా కాదు నార్వల్," అంది ఆర్లిస్. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. "ఆరేళ్ళ నుంచి."

నార్వల్ మైకు కడ్డీ వదిలేశాడు. "ఓహో," అన్నాడు.

హాలోవే నవ్వు మొహంతోనే లేచాడు. "చూశారా? ఆయన అడిగారు, ఆవిడ చెప్పారు. మా పద్ధతి చక్కగా పనిచేస్తోంది."

"పనిచేసింది," అంది బెర్నడెట్. "ఆరేళ్ళు పట్టింది. ఇంత మంచులో బిస్మార్క్ దాకా రావలసి వచ్చింది. ఇలా ఒక్కొక్కళ్ళనీ తీసుకొచ్చి నా ముందు నిలబెడతారా హాలోవే గారూ? మాకు ఏప్రిల్ దాకానే సమావేశాలు."

హాలోవే కూర్చున్నాడు. బట్టతల సెనేటర్ బల్ల కింద తన పర్సు తీసి, అందులో ఉన్న కార్డుని తిరగేసి మరగేసి చూసుకుంటున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు హైవే పక్కన ఒక హోటల్ దగ్గర ఆగారు. నార్వల్ పుల్లటి రబార్బ్ కాడలతో చేసే తీపి పై తెప్పించుకున్నాడు. అతను ఏదో తెగించిన ఊపులో ఉన్నాడు. చేత్తో మెనూ పక్కకి నెట్టి, ప్లేటు తెచ్చిన పిల్లని నిలేశాడు.

"ఈ పై ఎంతమ్మా?"

ఆ పిల్ల అతని మాసిన కోటు చూసింది, చిరిగిన చేతి తొడుగులు చూసింది. మొహం జాలిగా పెట్టి దగ్గరకి వంగింది. "ఫర్వాలేదు పెద్దయ్యా. తినండి. ఇవాళ్టికి నేను చూసుకుంటాలే," అంది మెల్లగా.

ఆ పిల్ల వెళ్ళిపోయాక, "చూశావా?" అన్నాడు ఆర్లిస్‌తో, ఉక్రోషంగా. "చూశావా? ఇందుకే అడగకూడదు. అడిగితే ముష్టివాడనుకుంటారు."

ఆర్లిస్ నవ్వు ఆపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకుంది. అతను పర్సులో ఉన్న నోట్లన్నీ తీసి ప్లేటు కింద తోశాడు. ఆ పిల్లకి ఆ పూట ఆ హోటల్‌నే కొనేయాలనిపించి ఉంటుంది.

ఇంతలో ఆర్లిస్ ఫోన్ మోగింది. వెట్జెల్. కమిటీ ఒక్క ఓటు కూడా ఎదురు లేకుండా బిల్లుని పైకి పంపిందట. పూర్తి సభలో ఇంకా దాటాలి గాని, బట్టతలాయన తానే దగ్గరుండి దాటిస్తానని ఒట్టేశాడట. ఆయనకి కొలెస్ట్రాల్ మాత్రలున్నాయట. విచారణ కాగానే మందుల షాపుకి ఫోన్ చేసి, కార్డు లేకుండా ఎంతో అడిగాడట. ఇక కంపెనీ సంగతంటావా, ఇంతమంది ముందు అడిగించుకుని చెప్పినదాన్ని ఏం చేస్తుంది, పోయి నిద్రపో అన్నాడు.

ఆర్లిస్ ఫోన్ పెట్టేసి చెప్పింది. నార్వల్ నమలడం ఆపాడు.

"అంటే, చట్టం వస్తే మేం అడగకుండానే నువ్వే చెబుతావన్నమాట."

"చెబుతాను."

"ఎవరూ ఏమీ అడగక్కర్లేదు?"

"ఏమీ అక్కర్లేదు. మీరు వస్తారు, నేను చెబుతాను."

నార్వల్ వెనక్కి వాలి, పెద్ద బరువేదో దించుకున్నవాడిలా ఊపిరి వదిలాడు. పొద్దున్నుంచి కందిపోయి ఉన్న అతని చెవులు మామూలు రంగుకి వచ్చాయి.

"హమ్మయ్య," అన్నాడు. "ఇంత మంచి చట్టమని ముందే ఎవరూ చెప్పలేదే!"

చెంచాతో ఇంకో ముక్క తీసుకున్నాడు. దాన్ని నోట్లో పెట్టుకోబోయి ఆగి, పక్క బల్లల వైపు ఓసారి చూసుకుని, ముందుకు వంగాడు.

"చెప్పేటప్పుడు కాస్త మెల్లగా చెప్పు ఆర్లిస్. మీ అత్తగారు వింటుంది."